తేడా ఉంది, కారణం ఏది? జన్యు వ్యక్తీకరణపై ఒక పరిశోధనా పత్రం: విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• రెండు సమూహాల మధ్య జన్యు వ్యక్తీకరణలో తేడాను పరీక్షించే పద్ధతిని వివరించగలరు;
• వేల పరీక్షలు ఒకేసారి చేసినప్పుడు వచ్చే చిక్కును, దాని సవరణను చెప్పగలరు;
• చిన్న పి-విలువ ఏం చెబుతుందో, ఏం చెప్పదో గుర్తించి, ఒక పరిశోధనా పత్రం బలాబలాలను తూచగలరు.

1. ప్రస్తావన

వెనకటి భాగాల్లో మీరు టి-పరీక్షను, సార్థకతా స్థాయిని నేర్చుకొన్నారు. అక్కడ ప్రతి లెక్కలోనూ దత్తాంశం మీ చేతికి సిద్ధంగా వచ్చింది. ఆ అంకెలను ఎవరు, ఎప్పుడు, ఏ యంత్రం మీద కొలిచారో అడగవలసిన అవసరం రాలేదు. ఈ భాగంలో మాత్రం ఆ ప్రశ్నే ప్రధానం.

ఇందుకోసం 2007లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో వచ్చిన ఒక పత్రాన్ని తీసుకొందాం. రిచర్డ్ స్పీల్‌మన్, వివియన్ చ్యూంగ్, వారి సహచరులు దీన్ని రాశారు. జాతి సమూహాల మధ్య జన్యు వ్యక్తీకరణలో కనిపించే తేడాలకు జనంలో సాధారణంగా ఉండే జన్యు భేదాలే కారణమని పత్రం శీర్షికే చెబుతుంది. అదే ఏడాది అదే పత్రికలో జాషువా ఏకీ, శమీక్ బిశ్వాస్, జెఫ్రీ లీక్, జాన్ స్టోరీ రాసిన విమర్శ లేఖ, దానికి మూల రచయితల జవాబు అచ్చయ్యాయి.

ఈ పత్రాన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఇది నిర్లక్ష్యంగా చేసిన పని కాదు. లెక్కల్లో తప్పు లేదు. అవసరమైన సవరణ కూడా చేశారు. అయినా ప్రధాన ఫలితం సందేహంలో పడింది. రెండోది, ఇది మనుషుల సమూహాల గురించిన మాట. ‘ఫలానా జాతివారి జన్యువులు వేరుగా పనిచేస్తాయి’ అనే వాక్యం పరిశోధనశాలలో ఆగదు. అది వైద్యంలోకి, వార్తల్లోకి, ఆ పైన నలుగురి నోళ్లలోకి వెళుతుంది. కాబట్టి ఆ వాక్యం ఏ ఆధారం మీద నిలిచిందో పరిశీలించవలసిన బాధ్యత చదివేవారిపై ఉంటుంది.

2. పత్రం ఏం చేసింది? ఏం చెప్పింది?

మన శరీరంలో దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే డిఎన్‌ఏ ఒకటే. కానీ అన్ని జన్యువులూ అన్ని కణాల్లో ఒకే స్థాయిలో పనిచేయవు. ఒక జన్యువు చురుగ్గా ఉంటే దాని సందేశ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా తయారవుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ పరిమాణాన్ని కొలిచి జన్యువు చురుకుదనాన్ని అంచనా వేస్తారు. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటాం. మైక్రోఅరే అనే చిప్ మీద వేల జన్యువులను ఒకేసారి కొలవవచ్చు. చిప్‌పై ఒక్కో జన్యువుకు కేటాయించిన చోట వెలుగు ఎంత ఎక్కువగా ఉంటే ఆ జన్యువు అంత చురుగ్గా ఉన్నట్లు లెక్క.

స్పీల్‌మన్ బృందం హాప్‌మ్యాప్ ప్రాజెక్టుకు చెందిన 142 మంది కణవరసలను పరిశీలించింది. వీరిలో 60 మంది అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన ఐరోపా సంతతివారు, 41 మంది బీజింగ్‌లోని హాన్ చైనీయులు, 41 మంది టోక్యోలోని జపనీయులు. కణవరసలంటే రక్తంలోని తెల్ల కణాలను ప్రయోగశాలలో నిరంతరం పెరిగేలా మార్చి ఉంచినవి. వాటిలో వ్యక్తమవుతున్న 4,197 జన్యువులను ఎంచుకొని, ఒక్కో జన్యువుకు ఐరోపా సంతతి సమూహం సగటును ఆసియా సమూహం సగటుతో పోల్చారు.

ఫలితం: 1,097 జన్యువుల్లో సార్థకమైన తేడా. అంటే సుమారు 26 శాతం. చైనీయులను జపనీయులతో పోల్చినప్పుడు మాత్రం అతి కొద్ది జన్యువుల్లోనే తేడా తేలింది. పైకి చూస్తే ఇది సహజంగానే కనిపిస్తుంది. పొరుగు దేశాలవారి మధ్య తేడా తక్కువ, దూరపు ఖండాలవారి మధ్య ఎక్కువ. ఈ చివరి అంశాన్ని గుర్తుంచుకోండి. 5వ విభాగంలో మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

3. ఒక జన్యువుకు పరీక్ష

ముందుగా ఒక్క జన్యువుతో లెక్క చేసి చూద్దాం. కింది అంకెలు కేవలం అభ్యాసం కోసం ఊహించినవి. వ్యక్తీకరణను 2 ఆధారంగా సంవర్గమానాల్లో ఇచ్చాం.

సమూహం అ: 8.1, 7.9, 8.3, 8.1 (సగటు 8.1)
సమూహం ఆ: 7.4, 7.6, 7.2, 7.4 (సగటు 7.4)

శూన్య పరికల్పన ప్రకారం రెండు సగటుల మధ్య తేడా లేదు. ప్రతి సమూహంలోనూ విచలనాల వర్గాల మొత్తం 0.08. రెండూ కలిపితే 0.16. స్వాతంత్య్ర పరిమాణాలు 6. ఉమ్మడి విస్తృతి 0.16 ÷ 6 = 0.0267. సగటుల తేడాకు ప్రామాణిక దోషం సుమారు 0.115. సగటుల తేడా 0.7. కాబట్టి టి-విలువ సుమారు 6.1. ఆరు స్వాతంత్య్ర పరిమాణాలకు 5 శాతం సార్థకతా స్థాయి వద్ద పట్టిక విలువ 2.447. మన విలువ అంతకంటె చాలా ఎక్కువ కనుక శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనం తిరస్కరించింది ఖచ్చితంగా దేన్ని? ‘రెండు సమూహాల కొలతలు ఒకే సగటు చుట్టూ ఉన్నాయి’ అన్న మాటను. అంతకుమించి పరీక్షకు ఏమీ తెలియదు. కొలతలు వేరుగా ఉండటానికి కారణం జన్యువా, ఆహారమా, వయసా, యంత్రమా అన్నది టి-పట్టికలో ఎక్కడా రాసి ఉండదు. ‘కొలతలు వేరు’ అన్న వాక్యం నుంచి ‘జన్యువుల పనితీరు వేరు’ అన్న వాక్యానికి వెళ్లాలంటే పరీక్ష చాలదు. ప్రయోగ రూపకల్పన ఆ దారి వేయాలి.

4. వేల పరీక్షల చిక్కు

ఒక్క పరీక్షలో 5 శాతం సార్థకతా స్థాయి అంటే, నిజంగా తేడా లేనప్పుడు కూడా నూటికి అయిదుసార్లు తేడా ఉందని పొరబడతాం. ఇది మొదటి రకం దోషం. 4,197 జన్యువుల్లో ఒక్కదానిలోనూ తేడా లేదనుకొందాం. అయినా 4,197 × 0.05 = సుమారు 210 జన్యువులు ‘సార్థకం’గా బయటపడతాయి. ఈ చిక్కుకు ప్రధానంగా రెండు సవరణలు వాడుకలో ఉన్నాయి.

మొదటి పద్ధతిలో మొత్తం పరీక్షలన్నిటిలో ఒక్క పొరపాటైనా జరిగే సంభావ్యతను 5 శాతానికి పరిమితం చేస్తారు. అప్పుడు ఒక్కో జన్యువుకు గీత 0.05 ÷ 4,197, అంటే సుమారు 0.000012 అవుతుంది. బాన్‌ఫెరోనీ, షిడాక్ సవరణలు ఈ కోవలోవి. రెండో పద్ధతిని 1995లో బెంజమినీ, హాచ్‌బెర్గ్ ప్రతిపాదించారు. మనం ఎంచిన జాబితాలో తప్పుడు జన్యువుల వాటా సగటున ఎంత ఉండవచ్చో దీనిలో ముందే నిర్ణయించుకొంటాం. వేల జన్యువులను వడపోసే పనిలో ఈ రెండో పద్ధతికే ఆదరణ ఎక్కువ. ఎందుకంటే మొదటిది మరీ కఠినమై, నిజమైన తేడాలను కూడా జారవిడుస్తుంది. అంటే రెండో రకం దోషం పెరుగుతుంది.

స్పీల్‌మన్ బృందం మొదటి కోవకు చెందిన షిడాక్ సవరణనే వాడింది. ఈ విషయంలో వారిని తప్పు పట్టలేం. అంత కఠినమైన గీత దాటి 1,097 జన్యువులు రావడం కేవలం యాదృచ్ఛికం కావడానికి అవకాశం లేదు. కొలతల్లో తేడా నిజం. మరి విమర్శ దేని మీద?

మీ ప్రగతిని సరిచూసుకోండి: 10,000 జన్యువుల్లో దేనిలోనూ తేడా లేనప్పుడు, సవరణ లేకుండా 1 శాతం స్థాయి వద్ద పరీక్షిస్తే ఎన్ని ‘సార్థక’ జన్యువులు వస్తాయని ఆశించాలి? (జవాబు: సుమారు 100.)

5. తేదీలు బయటపెట్టిన సంగతి

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. రెండు అధ్యయన కేంద్రాల విద్యార్థులు ఒకే పరీక్ష రాశారనుకోండి. మొదటి కేంద్రం జవాబు పత్రాలన్నిటినీ ఒకరు దిద్దారు; రెండో కేంద్రం పత్రాలన్నిటినీ ఇంకొకరు దిద్దారు. మొదటి కేంద్రం సగటు పది మార్కులు ఎక్కువ వచ్చింది. టి-పరీక్ష చేస్తే పి-విలువ చాలా చిన్నది. ‘మొదటి కేంద్రం విద్యార్థులు మెరుగు’ అని రాస్తే మీరు ఒప్పుకొంటారా? దిద్దినవారిలో ఒకరు చేయి ఉదారంగా వేసి ఉండవచ్చు కదా అని వెంటనే అడుగుతారు. కేంద్రం తేడా, దిద్దినవారి తేడా ఒకదానిలో ఒకటి కలగలిసిపోయాయి. వందలకొద్దీ అదనపు పత్రాలు తెచ్చి అదే పద్ధతిలో దిద్దించినా ఈ ప్రశ్నకు జవాబు రాదు. పి-విలువ ఇంకా చిన్నదవుతుంది, అంతే.

ఏకీ బృందం సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. చిప్‌లకు సంబంధించిన ఫైళ్లలో వాటిని ఏ తేదీన చదివించారో నమోదై ఉంటుంది. ఆ తేదీలను సమూహాలవారీగా పేర్చి చూస్తే, ఐరోపా సంతతి నమూనాల్లో ఎక్కువ భాగం 2005కు ముందే కొలిచినవి. ఆసియా నమూనాలన్నీ 2005-2006లో కొలిచినవి. అంటే సమూహం మారినచోటే సంవత్సరమూ మారింది. ఏళ్ల తేడాలో రసాయనాల బ్యాచ్ మారుతుంది, చిప్‌ల బ్యాచ్ మారుతుంది, స్కానర్ సర్దుబాటు మారుతుంది, పనిచేసే చేతులు మారతాయి. వీటిలో ఏది మారినా వెలుగు కొలత మారవచ్చు. దీన్నే బ్యాచ్ ప్రభావం అంటాం.

మన 3వ విభాగం లెక్కకు వెళదాం. జన్యువు చురుకుదనం రెండు సమూహాల్లోనూ ఒకటేననీ, ‘అ’ సమూహాన్ని కొలిచిన ఏడాది యంత్రం అన్నిటినీ 0.7 ఎక్కువగా చూపిందనీ అనుకోండి. టి-విలువ అప్పుడూ 6.1 మాత్రమే. ఒక్క దశాంశం కూడా మారదు. జన్యువు వల్ల వచ్చిన 0.7కూ యంత్రం వల్ల వచ్చిన 0.7కూ లెక్కలో భేదం లేదు.

విమర్శకులు మరో సంగతి కూడా చూపారు. పి-విలువలన్నిటి విస్తరణను బట్టి, ఎంతో కొంత తేడా ఉన్న జన్యువుల వాటాను అంచనా వేసే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిని ఇదే దత్తాంశానికి వర్తింపజేస్తే కనీసం 78 శాతం అని వచ్చింది. నూటికి 78 జన్యువులు రెండు మానవ సమూహాల్లో వేరుగా పనిచేస్తున్నాయంటే, గొప్ప ఆవిష్కరణ అనుకోవడానికి ముందు కొలిచే సాధనాన్ని అనుమానించాలి. కొలిచిన సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకొన్న తరవాత ఆ తేడాలు నిలబడలేదు.

దీన్ని ధ్రువపరిచే పరీక్ష ఒకటి మీరే ఊహించగలరు. ఒకే సమూహాన్ని రెండు సంవత్సరాలుగా విడదీసి పోలిస్తే ఏమవుతుంది? గణాంకవేత్త రాఫెల్ ఇరిజారీ ఈ దత్తాంశాన్ని బోధనలో వాడుతూ, ఐరోపా సంతతి నమూనాల్లోనే 2002లో కొలిచినవాటిని 2003లో కొలిచినవాటితో పోల్చి చూపించారు. జాతి ఒకటే, ఏడాది మాత్రమే వేరు. అయినా ఎన్నో జన్యువుల్లో సార్థకమైన తేడా వచ్చింది.

ఇప్పుడు 2వ విభాగంలో గుర్తుంచుకోమన్న అంశాన్ని మళ్లీ చూడండి. చైనీయులకు, జపనీయులకు మధ్య తేడా తక్కువ వచ్చింది. వారు జన్యుపరంగా దగ్గరివారు కావడం ఒక వివరణ. ఇద్దరి నమూనాలనూ ఒకే కాలంలో కొలవడం ఇంకొక వివరణ. పత్రం మొదటిదాన్ని సహజమనుకొంది. రెండోది కూడా అంతే చక్కగా సరిపోతుంది. మనం ముందే నమ్మినదానికి ఫలితం సరిపోయినప్పుడు రెండో వివరణ వెతకడం మానేస్తాం. ఈ పత్రం నుంచి నేర్చుకోవలసిన పాఠాల్లో ఇది ముఖ్యమైనది.

చిప్‌ల తేదీలే కాక కణవరసల చరిత్ర కూడా సమూహంతోపాటే మారింది. యూటా నమూనాలు 1980ల నాటి సేకరణకు చెందినవి. బీజింగ్, టోక్యో నమూనాలను హాప్‌మ్యాప్ కోసం చాలాకాలం తరవాత సేకరించారు. కాబట్టి చిప్‌లన్నీ ఒకే రోజు చదివించినా ఈ ప్రశ్న మిగిలే ఉండేది.

6. విమర్శకూ హద్దు ఉంది

విమర్శ గెలిచింది కదా అని ‘రెండు సమూహాల మధ్య తేడాలే లేవు’ అని రాస్తే, మూల పత్రం చేసిన పొరపాటునే మీరు తలకిందులుగా చేసినట్లవుతుంది. సమూహం, సంవత్సరం దాదాపు పూర్తిగా కలగలిసిపోయినప్పుడు సంవత్సరం ప్రభావాన్ని తీసివేస్తే దానితోపాటు సమూహం ప్రభావం కూడా పోతుంది. జవాబు పత్రాల ఉదాహరణలో, దిద్దినవారి ఉదారతను సరిచేయాలని మొదటి కేంద్రం మార్కుల నుంచి పది తీసివేస్తే రెండు కేంద్రాలూ సమానమవుతాయి. కానీ మొదటి కేంద్రం విద్యార్థులు నిజంగానే బాగా చదివి ఉంటే?

కాబట్టి న్యాయమైన తీర్పు ఇది: ఎన్ని జన్యువుల్లో తేడా ఉందన్న ప్రశ్నకు ఈ దత్తాంశం జవాబు చెప్పలేదు. 26 శాతమనీ చెప్పలేదు, సున్నా అనీ చెప్పలేదు. బ్యాచ్ ప్రభావాన్ని సవరించే గణాంక పద్ధతులు నేడు చాలా ఉన్నాయి. ప్రతి బ్యాచ్‌లోనూ రెండు సమూహాలవారూ కొందరైనా ఉన్నప్పుడే అవి నమ్మకంగా పనిచేస్తాయి. అసలు లేని సమాచారాన్ని ఏ సూత్రమూ సృష్టించలేదు.

7. పత్రంలో నిలిచిన భాగం

మూల పత్రంలోని రెండో వాదాన్ని విడిగా చూడాలి. కొన్ని జన్యువుల విషయంలో రచయితలు సమూహాల సగటులతో ఆగలేదు. ఒకే సమూహం లోపల, జన్యువుకు దగ్గరలోని డిఎన్‌ఏలో ఒక అక్షరం తేడా ఉన్నవారిని, లేనివారిని పోల్చారు. ఆ అక్షరం ఉన్నవారిలో వ్యక్తీకరణ ఎక్కువ. ఒక సమూహంలో ఆ అక్షరం ఎక్కువమందికి ఉంది. అందుకే ఆ సమూహం సగటు ఎక్కువ. ఈ వాదంలో మొదటి మెట్టు సమూహం లోపలి పోలిక మీద నిలిచింది. కనుక సమూహాల మధ్య ఉన్న సంవత్సరాల తేడా దాన్ని అంతగా తాకదు.

యూజీటీ2బీ17 అనే జన్యువును చూడండి. కొందరిలో ఈ జన్యువు మొత్తంగా తొలగిపోయి ఉంటుంది. ఐరోపావారితో పోలిస్తే తూర్పు ఆసియా జనంలో ఆ తొలగింపు చాలా ఎక్కువ. లేని జన్యువుకు సందేశ ఆర్‌ఎన్‌ఏ ఉండదు. దాన్ని ఏ ఏడాది కొలిచినా ఒకటే. వ్యక్తీకరణ కొలతకు అవతల, డిఎన్‌ఏ నుంచి వచ్చిన స్వతంత్ర సాక్ష్యం ఇది. పత్రం బలమంతా ఇలాంటి కొద్ది జన్యువుల్లో ఉంది. 1,097 అన్న పెద్ద అంకెలో లేదు. కానీ చదివినవారికి ముందుగా కంటపడేది పెద్ద అంకే.

రచయితలకు దక్కవలసిన మరొక గౌరవం కూడా ఉంది. వారు దత్తాంశాన్ని అందరికీ అందుబాటులో ఉంచారు. అందువల్లనే ఇతరులు దాన్ని మళ్లీ పరీక్షించగలిగారు. దత్తాంశం దాచి ఉంటే 26 శాతం అన్న అంకె ప్రశ్న లేకుండా నిలిచిపోయేది.

8. సరైన రూపకల్పన ఎలా ఉంటుంది?

దీనికి మందు కొత్తది కాదు. పొలాల్లో ప్రయోగాలు చేస్తూ ఆర్.ఎ. ఫిషర్ 1920, 30ల దశకాల్లోనే చెప్పినది: ఒక్కో ఖండంలో అన్ని రకాలనూ వేయండి, ఏది ఎక్కడ అన్నది చీటీ తీసి నిర్ణయించండి. మన చిన్న లెక్కలో ప్రతి సమూహం నుంచి ఇద్దరిని మొదటి ఏడాది, ఇద్దరిని రెండో ఏడాది కొలిచి ఉంటే యంత్రం కలిపిన 0.7 రెండు సమూహాలకూ సమానంగా పడేది. రెండు సగటులూ 7.75 దగ్గర ఉండేవి. లేని తేడా కనిపించేది కాదు.

2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ జాగ్రత్తను పాటించింది. 1000 జీనోమ్స్ ప్రాజెక్టులోని 26 జనసమూహాల నుంచి 731 మంది కణవరసల ఆర్‌ఎన్‌ఏను ఒకే ప్రయోగశాలలో, 17 బ్యాచ్‌లలో చదివారు. సమూహం, బ్యాచ్ కలగలిసిపోకుండా ప్రతి సమూహం నమూనాలను బ్యాచ్‌ల మధ్య పంచారు. ఆ 26 సమూహాల్లో యునైటెడ్ కింగ్‌డమ్‌లో స్థిరపడిన తెలుగువారి సమూహం కూడా ఒకటి. జన్యు వ్యక్తీకరణలోని వైవిధ్యంలో 92 శాతం సమూహాల లోపలే ఉందని వారు తేల్చారు. అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాతో పోలిస్తే సమూహానికీ సమూహానికీ మధ్య తేడా స్వల్పం.

ఈ ఫలితాన్ని పాతదానితో పక్కపక్కన పెట్టి అంకెలను నేరుగా పోల్చకండి. ఒకటి సార్థకమైన జన్యువుల వాటా, మరొకటి వైవిధ్యం వాటా. అడిగిన ప్రశ్నలు వేరు. కానీ రెండోదాన్ని ఎక్కువ నమ్మడానికి కారణం కొత్త యంత్రం ఒక్కటే కాదు. నమూనాలను ఏ క్రమంలో కొలవాలో ముందే ఆలోచించడం కూడా.

9. సారాంశం

రెండు సమూహాల కొలతల మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా అన్నది గణాంక పరీక్ష చెబుతుంది. ఆ తేడాకు కారణం చెప్పదు. వేల పరీక్షలకు చేసే సవరణ యాదృచ్ఛిక పొరపాట్లను తగ్గిస్తుంది. క్రమబద్ధంగా ఒకే వైపు జరిగే పొరపాటును అది పట్టుకోలేదు. స్పీల్‌మన్ బృందం పత్రంలో పరీక్ష, సవరణ రెండూ సరిగానే ఉన్నా, సమూహమూ కొలిచిన సంవత్సరమూ కలగలిసిపోవడం వల్ల 26 శాతం అన్న అంకె నిలవలేదు. డిఎన్‌ఏ భేదాలతో ముడిపడిన కొద్ది ఫలితాలు మాత్రం ఎక్కువ నమ్మదగినవి.

ఇకపై మీరు ఇలాంటి పత్రాన్ని చదివేటప్పుడు పి-విలువల పట్టికకు ముందు నమూనాల పట్టికను వెతకండి. సమూహం పక్కన తేదీ ఉందా? బ్యాచ్ ఉందా? ఆ రెండు నిలువు వరసలూ కలిసి మారుతున్నాయా? ఈ మూడు ప్రశ్నలకు సూత్రాలు అక్కరలేదు, పెన్సిలు చాలు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ‘చిన్న పి-విలువ తేడాను చూపుతుంది, కారణాన్ని కాదు.’ ఈ భాగంలోని పత్రం ఆధారంగా చర్చించండి.
2. నమూనాల సంఖ్యను పెంచితే బ్యాచ్ ప్రభావం ఎందుకు తొలగిపోదు? జవాబు పత్రాల ఉదాహరణతో వివరించండి.
3. ‘సంవత్సరాన్ని సవరించాక తేడాలు నిలవలేదు కనుక అసలు తేడాలే లేవు.’ ఈ వాదంలోని లోపాన్ని చూపండి.
4. ఆరోగ్యవంతులు 12 మంది, రోగులు 12 మంది ఉన్నారు. రోజుకు 8 నమూనాలే కొలవగలరు. మూడు రోజులకు ప్రయోగ ప్రణాళిక తయారుచేసి, మీ ఎంపికకు కారణం రాయండి.